ట్యూబు తీయాలా వద్దా అని ప్రోబ్‌ని అడగకండి

బెంగళూరు ఐసీయూల్లో పొద్దున రౌండ్ల వేళ ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది: "డయాఫ్రమ్ ఎంత వచ్చింది?" డయాఫ్రమ్ అంటే ఊపిరి పీల్చే ప్రధాన కండరం. పీల్చినప్పుడు అది ఎంత శాతం లావవుతోందో అల్ట్రాసౌండ్ ప్రోబ్‌తో కొలుస్తారు, గీత 30 శాతం దగ్గర పెట్టుకున్నారు. 32 అని జవాబొస్తే వెంటిలేటరు ట్యూబు తీసే ఏర్పాట్లు మొదలవుతాయి. 27 అంటే "రేపు చూద్దాం" అనేసి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోతారు. 1.8 మిల్లీమీటర్ల మందమున్న కండరంలో ఆ 27కీ 32కీ మధ్య తేడా మిల్లీమీటర్లో పదో వంతు కూడా లేదు. ఆ పాటి తేడా మీద ఒక మనిషి ఇంకో 24 గంటలు గొంతులో గొట్టంతో పడుకోవాలా అన్నది తేలిపోతోంది. బయట హాల్లో హిందూపురం నుంచో మదనపల్లె నుంచో వచ్చి కూర్చున్నవాళ్ళకి మాత్రం "ఊపిరి పీల్చే కండరం ఇంకా బలం పుంజుకోలేదమ్మా" అన్న ఒక్క ముక్క అందుతుంది.

అల్ట్రాసౌండ్ వద్దని నేననడం లేదు. వెంటిలేటరు మీదున్న ప్రతి పేషెంటు దగ్గరికీ ఆ మిషను వెళ్ళాల్సిందే. మనం దాన్ని అడుగుతున్న ప్రశ్నే తప్పు. "ట్యూబు తీయొచ్చా?" అంటే అది నికరంగా చెప్పలేదు. "నిన్నటి ట్రయల్‌లో ఈయన ఎందుకు నిలవలేకపోయాడు?" అని అడిగితే మాత్రం మంచం దగ్గర దాన్ని మించిన సాధనం లేదు.

ట్యూబు తీసేముందు పెట్టే ఆ ట్రయల్, అంటే అసలు పరీక్ష, చాలా సాదాది. పేషెంటు మెలకువగా ఉండి, మిషను ఇచ్చే ఆక్సిజన్ 40 శాతం లోపు, పీప్ (ఊపిరి వదిలాక కూడా మిషను నిలిపి ఉంచే ఒత్తిడి) 5 నుంచి 8 మధ్య, బీపీ నిలకడగా ఉంటే మిషను సాయం దాదాపుగా తీసేసి సొంతంగా ఊపిరి పీల్చనిస్తారు. టీ-పీస్ మీద (మిషను తోపు లేకుండా ఆక్సిజన్ మాత్రం అందించే గొట్టం) పెట్టొచ్చు, లేదా ప్రెషర్ సపోర్ట్, అంటే ప్రతి శ్వాసకీ మిషను ఇచ్చే తోపు, 5 నుంచి 8కి దించొచ్చు. 30 నిమిషాలు చూస్తారు. శ్వాసలు నిమిషానికి 35 దాటినా, రక్తంలో ఆక్సిజన్ 90 శాతం కన్నా పడినా, గుండె వేగం 140 దాటినా, పైబీపీ 180 మించినా, చెమటలు పట్టి గాబరా పడినా ఆపేస్తారు. స్పెయిన్‌లో 1,153 మంది మీద చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో ప్రెషర్ సపోర్ట్ 8 మీద 30 నిమిషాల ట్రయల్ పెట్టినవాళ్ళలో 82 శాతం మంది ట్యూబు లేకుండా నిలబడ్డారు. టీ-పీస్ మీద 2 గంటలు పెట్టినవాళ్ళలో 74 శాతమే. గంటల తరబడి కష్టపెట్టి చూడటంలో అదనపు లాభమేమీ లేదు. దీనికి తోడు 1991లో యాంగ్, టోబిన్ ఇచ్చిన లెక్క ఉంది. శ్వాసల సంఖ్యని, ఒక్కో శ్వాసలో వెళ్ళే గాలి లీటర్లతో భాగించాలి. నిమిషానికి 30 శ్వాసలు, ఒక్కోటి 300 మిల్లీలీటర్లు అయితే 100. గీత 105 దగ్గర ఉంది కాబట్టి ఈయన గట్టున పడ్డట్టే. 35 శ్వాసలు, 250 మిల్లీలీటర్లు అయితే 140, అంటే కుక్కపిల్ల రొప్పినట్టు రొప్పుతున్నాడన్నమాట.

ఇవన్నీ దాటించి ట్యూబు తీసినా పదిమందిలో ఒకరిద్దరికి రెండుమూడు రోజుల్లో మళ్ళీ వేయాల్సి వస్తుంది. అలా మళ్ళీ ట్యూబు పడినవాళ్ళలో చావులు ఎక్కువ. పోనీ జాగ్రత్త కోసం ఆగుదామా అంటే దానికీ ఖరీదుంది. 2008లో అమెరికాలో బ్రెయిన్ డెడ్ అయిన అవయవదాతల డయాఫ్రమ్ ముక్కలు తీసి చూశారు. 18 నుంచి 69 గంటలు మిషను మీద కదలకుండా ఉన్నందుకే కండర పోగులు సగానికి పైగా సన్నబడ్డాయి. చేతికి కట్టు కట్టి నెల్లాళ్ళు ఉంచితే కండ తగ్గడం అందరికీ తెలిసిందే. ఇక్కడ నెల కాదు, రోజుల్లోనే ఆ పని జరుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈ ఇరకాటంలోనే 15 ఏళ్ళుగా అల్ట్రాసౌండ్ మీద ఆశ పెరిగింది. అదేం చూస్తుందో, ఎంతవరకు చూస్తుందో వివరంగా చెప్పుకోవాలి.

డయాఫ్రమ్‌ని మన బడి పుస్తకాల్లో ఉదరవితానం అనేవారు. ప్రోబ్‌తో దాన్ని రెండు చోట్ల నుంచి చూస్తారు. మొదటిది కదలిక. 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ వంపు ప్రోబ్‌ని కుడి పక్కటెముకల అంచు కింద పెట్టి, కాలేయం గుండా పైకి, వెనక్కి చూపిస్తారు. తెల్లటి వంపు గీత కనిపిస్తుంది. కదలికని కాలం వెంట గీసి చూపించే ఎం-మోడ్ గీతని దాని వెనక భాగానికి వీలైనంత నిలువుగా తగిలేలా పెట్టాలి. ఏటవాలుగా పెడితే కొలత తప్పుతుంది. మామూలు శ్వాసలో మగవాళ్ళకి సుమారు 1.8 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 1.6 కదులుతుంది. 1 సెంటీమీటరు కన్నా తగ్గితే బలహీనం అంటారు. పీల్చినప్పుడు ప్రోబ్ వైపు రావాల్సిన గీత ఎదురు దిక్కుకి పోతే ఆ పక్క పక్షవాతమే.

రెండోది మందం. ఇక్కడే ఆ 30 శాతం పుడుతుంది. 10 మెగాహెర్ట్జ్ అటూఇటూ ఉన్న సన్న ప్రోబ్‌ని చంక మధ్య గీతకి కొంచెం ముందు, 8 నుంచి 10వ పక్కటెముకల సందుల్లో నిలువుగా పెట్టాలి. ఊపిరితిత్తి తెరలా వచ్చి పోయే చోటికి ఒకటి రెండు సెంటీమీటర్లు కింద, రెండు తెల్ల గీతల మధ్య సన్నటి నల్ల చార కనిపిస్తుంది. పై గీత ఊపిరితిత్తి వైపు పొర, కింది గీత పొట్ట వైపు పొర, మధ్య చార డయాఫ్రమ్. ఊపిరి వదిలాక ఒక కొలత, నిండా పీల్చాక ఒక కొలత తీసుకుని, తేడాని మొదటి కొలతతో భాగించి శాతం కడతారు.

ఇప్పుడు కొంచెం లెక్క వేద్దాం. వదిలినప్పుడు 1.8, పీల్చినప్పుడు 2.3 మిల్లీమీటర్లు వచ్చాయనుకోండి. 28 శాతం. అదే బొమ్మ మీద ఇంకో డాక్టరు మొదటి గీతల్ని ఒక పిసరు లోపలికి, రెండోవాటిని ఒక పిసరు బయటికి పెట్టారు: 1.7, 2.4. 41 శాతం. మూడో ఆయన అటుదిటు పెట్టారు: 1.9, 2.2. 16 శాతం. ఒకే మనిషి, ఒకే శ్వాస. ఒకరి లెక్కలో ఇంటికి పోయే మనిషి, ఇంకొకరి లెక్కలో మెడకి రంధ్రం పెట్టాల్సిన మనిషి. అందరూ చేసేది శ్రద్ధగానే చేశారు. తేడా కర్సరు పెట్టడంలోనే ఉంది. తెల్ల గీతల్ని కలుపుకుని కొలిచేవాళ్ళూ, వదిలేసి కొలిచేవాళ్ళూ ఒకే యూనిట్లో ఉండటం ఈ గందరగోళానికి పరాకాష్ట. గీతల లోపలి అంచు నుంచి లోపలి అంచుకే కొలవాలి. కనీసం మూడు శ్వాసల సగటు తీయాలి. ప్రోబ్ పెట్టిన చోట పెన్నుతో చర్మం మీద గుర్తు పెడితే మర్నాడు అదే సందులో కొలవొచ్చు. ఆ గుర్తు పెట్టడానికి పట్టేది రెండు సెకన్లు, అయినా పెట్టేవాళ్ళు తక్కువ.

కొలత సరిగ్గా వచ్చిందనే అనుకుందాం. దాని అర్థం ఏమిటన్నది ఇంకా పెద్ద చిక్కు. ప్రెషర్ సపోర్ట్ 12 మీద ఉన్న పేషెంటు డయాఫ్రమ్ 2 సెంటీమీటర్లు కదిలిందని సంబరపడితే అది మిషను గొప్ప. పైనుంచి గాలి తోస్తుంటే పక్షవాతం వచ్చిన డయాఫ్రమ్ కూడా కిందికి దిగుతుంది. కదలికని టీ-పీస్ మీదో, సపోర్ట్ బాగా దించాకో కొలవకపోతే కొలవనట్టే. మందం శాతానికి ఈ బాధ కొంత తక్కువ, కండరం ముడుచుకుంటేనే అది లావవుతుంది కాబట్టి. కానీ దానికి వేరే తిరకాసుంది. సపోర్ట్ ఎక్కువైతే కండరానికి పనే ఉండదు, శాతం తక్కువొస్తుంది. అది బలహీనత కాదు, విశ్రాంతి. అటువైపు, ప్రాణం మీదికొచ్చి ఎగశ్వాస పీలుస్తున్న మనిషికి 45 శాతం రావొచ్చు. అది బలం కాదు, చివరి పాకులాట. ఒకే అంకె ఒకచోట హాయి, ఇంకోచోట ఆపద.

ఈ రెండింటినీ విడదీయడానికి మంచి ఉపాయం పక్కటెముకల మధ్య కండరాన్ని చూడటం. అదే సన్న ప్రోబ్‌ని రొమ్ము ఎముకకి మూడు నాలుగు సెంటీమీటర్ల పక్కన, రెండో సందులో పెట్టండి. మామూలుగా ఊపిరి పీల్చే మనిషిలో అక్కడి కండరం మందం పెద్దగా మారదు. అది 10 శాతం దాటి లావవుతోందంటే డయాఫ్రమ్ ఒక్కటే మోయలేక పొరుగువాళ్ళని పిలుచుకుందని అర్థం. ఆ మాటకొస్తే మెడ కండరాలు బిగుసుకోవడం, డొక్కలు లోపలికి పోవడం కంటితో చూసినా తెలుస్తాయి. ప్రోబ్ పెట్టే తొందరలో దుప్పటి తీసి పొట్ట వైపు చూడటం మానేయకూడదు.

30 శాతం అన్న గీతకి ఎక్కువగా చూపించే ఆధారం 2014లో వచ్చిన ఒక పరిశోధన. అందులో 63 మంది పేషెంట్లు. ట్యూబు తీశాక నిలబడినవాళ్ళలో 88 శాతం మందిని ఆ గీత సరిగ్గా పట్టుకుంది. విఫలమైనవాళ్ళలో 71 శాతం మందిని పట్టుకుంది. దీన్నే తిప్పి చదివితే, ట్యూబు తీస్తే కూలిపోయే ప్రతి 100 మందిలో 29 మందిని "పర్లేదు" అనేస్తుంది. బాగానే నిలబడే 100 మందిలో 12 మందిని ఊరికే ఆపేస్తుంది. 2019లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన పని ఇంకా సూటిగా ఉంది. ప్రమాదం ఎక్కువున్నా ట్రయల్ దాటిన 191 మందిని చూశారు. డయాఫ్రమ్ బలహీనంగా ఉన్నవాళ్ళకీ బాగున్నవాళ్ళకీ మళ్ళీ ట్యూబు పడటంలో తేడా కనిపించలేదు. తేడా తెచ్చింది దగ్గు.

దగ్గు సంగతి ప్రోబ్‌కి తెలియదు. కఫం ఎంత వస్తోందో, గంటకి ఎన్నిసార్లు సక్షన్ చేయాల్సి వస్తోందో తెలియదు. ట్యూబు చుట్టూ గొంతు వాచిందా అన్నది ట్యూబుకి ఉండే గాలి బుడగ (కఫ్) లోంచి గాలి తీసి, పక్కనుంచి గాలి లీకవుతోందా అని చూస్తేనే తెలుస్తుంది. పిలిస్తే కళ్ళు తెరిచి నాలుగు మాటలు వింటున్నాడా అన్నది పిలిస్తేనే తెలుస్తుంది. ట్యూబు మూతికి ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో తెల్ల కాగితం పట్టుకుని దగ్గమంటే, కాగితం మీద తడి చుక్కలు పడ్డాయా లేదా అన్న పరీక్షకి పైసా ఖర్చు లేదు. ఖరీదైన మిషను పక్కన పెట్టుకుని ఆ కాగితం మర్చిపోవడం మన వృత్తిలో కొత్త జబ్బు.

ట్రయల్ ఫెయిలైన రోజున మాత్రం అల్ట్రాసౌండ్ తన అసలు సత్తా చూపిస్తుంది. ఫెయిలైతే మామూలుగా చేసేది మళ్ళీ మిషను మీద పెట్టి, నిద్రమందు ఇచ్చి, "రేపు చూద్దాం" అనడం. రేపు ఏం మారుతుందని? కారణం ఊపిరితిత్తిలో ఉందా, గుండెలో ఉందా, కండరంలో ఉందా తెలియకపోతే రేపు కూడా ఇదే జరుగుతుంది.

అందుకే ట్రయల్ మొదలుపెట్టేముందు ఒకసారి, ఆపేముందు ఒకసారి ఊపిరితిత్తుల్ని చూడాలి. ఒక్కో పక్క ఆరు చొప్పున 12 చోట్ల ప్రోబ్ పెట్టి 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. అడ్డ గీతలే ఉంటే 0. పై నుంచి కిందికి తోకచుక్కల్లాంటి నిలువు గీతలు మూడు, అంతకు మించి విడివిడిగా ఉంటే 1. అవి కలిసిపోయి తెల్లగా ముద్దయితే 2. ఊపిరితిత్తి కాలేయంలా గట్టిగా కనిపిస్తే 3. మొత్తం 36. ట్రయల్ చివర 13 కన్నా తక్కువుంటే ట్యూబు తీశాక ఆయాసం వచ్చే అవకాశం తక్కువ, 17 దాటితే ఎక్కువ అని 2012లో చూపించారు. నా దృష్టిలో ఆ గీతల కన్నా మార్పే ముఖ్యం. మొదట్లో 8 ఉన్నది అరగంటలో 15 అయిందంటే ఆ అరగంటలో ఊపిరితిత్తుల్లోకి ఏదో చేరింది. ముందు వైపు శుభ్రంగా ఉన్న చోట్ల కొత్తగా నిలువు గీతలు దిగాయంటే చాలావరకు అది నీరు. వెనక, కింద మాత్రమే 2, 3 మార్కులు పెరిగితే ఊపిరితిత్తి అడుగు మూసుకుపోతోంది. దానికి ఫిజియోథెరపీ, పడుకోబెట్టే తీరు, కఫం తీయడం కావాలి. నీరు పోయించే మందు లేసిక్స్ ఇచ్చి లాభం లేదు.

ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే అదీ అప్పుడే కనిపిస్తుంది. తల కొద్దిగా ఎత్తి వెల్లకిలా పడుకున్న మనిషిలో ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య ఎడం మిల్లీమీటర్లలో కొలిచి 20తో గుణిస్తే సుమారుగా ఎన్ని మిల్లీలీటర్లో వస్తుంది. 25 మిల్లీమీటర్లంటే అరలీటరు. ట్రయల్ ఫెయిలవుతున్న మనిషికి అంత నీరు తీసి మళ్ళీ పరీక్షించడం దండగ కాదు.

ఇక గుండె. దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు, ఎకో (గుండె అల్ట్రాసౌండ్) అంటే కార్డియాలజీ వాళ్ళ పని అన్న భావనతో. మిషను తోపు తీసేయగానే ఛాతీలో ఒత్తిడి తలకిందులవుతుంది. గుండెలోకి రక్తం ఎక్కువొస్తుంది, బయటికి తోయడం కష్టమవుతుంది, పైగా గాబరాకి బీపీ లేస్తుంది. ఫలితం ఊపిరితిత్తుల్లో నీరు. పారిస్‌లో ల్మేర్ బృందం 1988లోనే ఇది చూపించింది. పంపింగ్ 60 శాతం ఉందన్న రిపోర్టు చూసి ధైర్యపడొద్దు. ఏళ్ళ తరబడి బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్ళ గుండె బిరుసెక్కి ఉంటుంది, అది సరిగ్గా సాగదు. ట్రయల్ చివర మైట్రల్ వాల్వు (ఎడమ గుండెలోని రెండు గదుల మధ్య తలుపు) దగ్గర రక్తం లోపలికి వచ్చే E, A అలలు, వాల్వు అంచు కదలే వేగం e′ తీసుకుంటే సంగతి బయటపడుతుంది. E/A 0.95, E/e′ 8.5 దాటితే ఎడమ గుండెలో ఒత్తిడి పెరిగిందని అనుమానించాలి. గుండె వేగం 120 దాటితే ఆ రెండు అలలూ కలిసిపోతాయి, అప్పుడు అంకెలు నమ్మొద్దు, ఊపిరితిత్తుల్లో కొత్త గీతలే చూసుకోండి. గుండె మీద అనుమానం ఉన్న పేషెంటుకి ట్రయల్ టీ-పీస్ మీదే పెట్టాలి. ప్రెషర్ సపోర్ట్ 8, పీప్ 5 ఇస్తే అవే గుండెకి చేయూతనిచ్చి జబ్బుని దాచేస్తాయి. ట్యూబు తీసిన గంటకి అది బయటపడుతుంది. కారణం తెలిస్తే వైద్యం తేలిక: మందుతో నీరు పోయించడం, బీపీ దించడం, అవసరమైతే నైట్రోగ్లిజరిన్ డ్రిప్. చాలామందికి మర్నాటి ట్రయల్‌లో తేడా కనిపిస్తుంది.

ఊపిరితిత్తి శుభ్రం, గుండె నిబ్బరం, అయినా నిలవలేదంటే అప్పుడు డయాఫ్రమ్ అంకెకి విలువొస్తుంది. బెంగళూరులో ఇలాంటి కేసులు తక్కువేం కాదు. అనంతపురం, కర్నూలు వైపు నుంచి పురుగుమందు తాగి వచ్చేవాళ్ళుంటారు. మొదటి రోజు నురగలు, చెమటలు తగ్గి, కంటిపాపలు సర్దుకుని, గండం గడిచిందనుకునే వేళకి, 24 నుంచి 96 గంటల మధ్య, ఊపిరి కండరాలు సడలిపోతాయి. శ్రీలంక డాక్టర్లు 1987లో దీన్ని విడిగా గుర్తించారు. తలగడ మీంచి తల ఎత్తలేకపోవడం దీని మొదటి గుర్తు. కట్లపాము కాట్లు, నాడీ వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ లాంటి చోట్లకి వచ్చే గీయాన్ బారే (నరాలు దెబ్బతిని కండరాలు చచ్చుబడే జబ్బు) కేసులు కూడా ఈ కోవలోవే. వీళ్ళలో చాలామంది వయసువాళ్ళు, గుండె, ఊపిరితిత్తులు సాధారణంగా బాగుంటాయి, లోపం నరానికీ కండరానికీ మధ్యే. అందుకే రోజూ ఒకే వేళకి, ఒకే సెట్టింగు మీద కొలిచిన కదలిక 6 మిల్లీమీటర్ల నుంచి 9కి, 13కి పెరుగుతుంటే ఆ వరుసే దారి చూపిస్తుంది. తల ఎత్తి 5 సెకన్లు నిలపగలగడం దానికి జోడీ. ఈ పేషెంట్లకి రోజూ టీ-పీస్ పెట్టి అలసగొట్టడం క్రూరత్వం. పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం సరిచేసి, తిండి చూసి, కండరానికి టైమివ్వాలి. ఎడమ పక్క చూడటం మాత్రం కష్టం, కడుపులో గాలి అడ్డొస్తుంది, ప్లీహం గుండా చూడ్డానికి దొరికేది చిన్న కిటికీ. అయినా బైపాస్ ఆపరేషన్ అయినవాళ్ళలో డయాఫ్రమ్‌ని నడిపే ఎడమ నరమే ఎక్కువ దెబ్బతింటుంది కాబట్టి అక్కడ తంటాలు పడైనా చూడాలి.

ఇంత ఉపయోగమున్న మిషను రాత్రి 2 గంటలకి రేడియాలజీ గదిలో తాళం వెనక ఎందుకుంటుంది? గర్భస్థ లింగ నిర్ధారణని నిషేధించే 1994 చట్టం ప్రకారం ప్రతి అల్ట్రాసౌండ్ మిషనూ, అది ఉండే చోటూ నమోదు కావాలి, గోడకి బోర్డు ఉండాలి. పోర్టబుల్ మిషన్ని చంకన పెట్టుకుని ఇంకో ఆస్పత్రికి తీసుకుపోవడం కుదరదు. ఆ చట్టం ఎందుకు కావలసి వచ్చిందో మన జిల్లాల్లో ఆడపిల్లల లెక్క చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, దాన్ని సడలించమని అడగడం నాకిష్టం లేదు. కానీ చాలా యాజమాన్యాలు చట్టాన్ని సాకుగా వాడుకుంటాయి. ఐసీయూ పేర ఒక మిషను నమోదు చేయించి, వాడే డాక్టర్ల పేర్లు కాగితాల్లో చేర్పించడం ఆఫీసు పని, అసాధ్యమేం కాదు. మిషను వచ్చాక ఒక జాగ్రత్త: ప్రోబ్‌నీ, కేబుల్‌నీ పేషెంటు పేషెంటుకీ మధ్య తుడవాలి. కంపెనీ చెప్పిన ద్రావణంతోనే తుడవాలి, ఏది పడితే అది వాడితే ప్రోబ్ ముఖం పగులుతుంది. జెల్ సీసా మళ్ళీ మళ్ళీ నింపొద్దు. కలుషితమైన జెల్ నుంచి ఐసీయూల్లో ఇన్ఫెక్షన్లు వ్యాపించిన సందర్భాలున్నాయి.

కేసు షీటులో "డీటీఎఫ్ 28" (డీటీఎఫ్ అంటే డయాఫ్రమ్ మందం పెరిగే శాతం) అని రాసి వదిలేస్తే రాత్రి డ్యూటీ డాక్టరుకి అది దేనికీ పనికిరాదు. "కుడి పక్క, టీ-పీస్ 25వ నిమిషం, తల 30 డిగ్రీలు, 1.8 నుంచి 2.3, మూడు శ్వాసల సగటు, శ్వాసలు 28, మెడ కండరాలు వాడట్లేదు, ఊపిరితిత్తుల మార్కులు 8 నుంచి 15, ముందు వైపు కొత్త గీతలు, బీపీ 190" అని రాస్తే ఎవరు చదివినా ఈయన డయాఫ్రమ్ జోలికి పోరు, గుండె వైపు తిరుగుతారు. హాల్లో వాళ్ళ అబ్బాయి "ఏం సార్, మా నాయనకు గొట్టం ఎప్పుడు తీస్తారు?" అని అడిగినప్పుడు కూడా "బలం రాలేదు" అని దాటేయక్కర్లేదు. "మిషను తీస్తే గుండె మీద భారం పడి ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతా ఉంది నాయనా. ఈ రాత్రికి నీరు తీసి, బీపీ దించి, రేప్పొద్దున మళ్ళా పెట్టి చూస్తాం" అని చెప్పొచ్చు.